బొగ్గు కొరికిన గార్డు

హాకీ ఫైనల్ ఆడాల్సిన ఆదివారం పొద్దున్నే మా కుక్క మా వదిన పళ్ళకి తొడుక్కునే మౌత్‌గార్డుని నమిలేసింది. కిటికీ పక్కనున్న పొట్టి బల్ల మీద రెండు పెట్టెలు మూతలు తీసి ఉన్నాయి. ఒకటి వదినది, ఒకటి నాది. కుక్క మాత్రం నాది. వీధిలోంచి చంకనేసుకుని తెచ్చింది నేను, పాలు పట్టింది నేను, నల్లగా ఉందని బొగ్గు అని పేరు పెట్టింది నేను. నేను పనిచేసే క్లినిక్‌లో పళ్ళ డాక్టరు గారు ఎప్పుడూ అంటుంటారు, కుక్కలు తమకి బాగా ఇష్టమైన మనిషి వాసన తగిలే వస్తువునే వెతుక్కుని నములుతాయని. మా క్లినిక్‌కి విరిగిన గార్డులూ కట్టుడు పళ్ళూ పట్టుకొచ్చే వాళ్ళు చాలామంది వాళ్ళ కుక్క మీద చాడీలు చెబుతూనే వస్తారు. బొగ్గు నా గార్డుని నాకి కూడా చూడలేదు. ఆ పొద్దున నాకు ముందు మండింది అందుకే. ఫైనల్ సంగతి ఆ తరవాత గుర్తొచ్చింది.

మా వదిన వదిన కాకముందు నా స్నేహితురాలు. పార్సిళ్ళ గోదాములో పనిచేసేది, ఇప్పటికీ అక్కడే. తనంత బరువున్న పెట్టెని అవలీలగా ఎత్తడం చూసి, ఈ పిల్ల చేతికి హాకీ కర్ర ఇస్తే ఎలా ఉంటుందోనని మా క్లబ్బుకి లాక్కెళ్ళింది నేనే. ఆటయ్యాక ఆ చెమటతో బస్సెక్కకు, మా ఇంట్లో స్నానం చేసి వెళ్ళమని పిలిచిందీ నేనే. ఆ రోజు తలుపు మా అన్నయ్య తీశాడు. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. ఏడాది తిరక్కుండా స్నేహితురాలు వదినైంది, ఇంకో ఏడాదికి జట్టులో నా చోటు కూడా తనదైంది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నారు పెద్దలు. ఆ చెవులు ఎలా ఉన్నాయని మాత్రం ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

మా ఆటలో పెనాల్టీ కార్నర్ అని ఒకటుంది. ఎదుటి జట్టువాళ్ళు గోలుకి ఎదురుగా బంతిని ఆపుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొడతారు. మేం కొద్దిమందిమి గోలు గీత మీద నిలబడతాం. బంతి కదలగానే మాలో ఒకరు గీత మీంచి బయల్దేరి, ఆ కొట్టే మనిషి మీదికే నేరుగా పరిగెత్తాలి. బంతికి అడ్డం పడటమే ఆ మనిషి పని. పెద్ద జట్లలో దానికోసం ముఖానికి మాస్కు కట్టుకుంటారు. మా చిన్న లీగులో పళ్ళకి గార్డు ఒక్కటే దిక్కు. ఒకప్పుడు అలా పరిగెత్తింది నేను. ఒకసారి, ఒకే ఒక్కసారి, ఎదురుగా కర్ర లేవడం చూసి ముఖం పక్కకి తిప్పేశాను. బంతి నా చెవి పక్కనుంచి పోయి గోలులో పడింది. తరవాతి మ్యాచ్‌కి కోచ్ మేడం ఆ పనికి వదినని పెట్టారు. వదిన నేరుగా పరిగెత్తింది. అప్పట్నుంచి అలాగే పరిగెడుతోంది. జట్టంతా తనని గోడ అంటారు, నన్ను స్టెప్నీ అంటారు. ప్రేమగానే అంటారు, అందుకే ఇంకా ఒళ్ళు మండుతుంది.

బెంచీ మీద కూర్చున్నప్పుడల్లా నాకు నేను ఒక మాట చెప్పుకుంటాను. తనకి పుట్టుకతోనే భయం లేదు. లేని భయాన్ని జయించడంలో గొప్పేముంది? తను వట్టి మొద్దు, నాకు ముఖం తిప్పుకునేంత తెలివి ఉంది, అంతే తేడా. ఈ మాట చెప్పుకుంటే కాస్త అన్నం సహిస్తుంది.

ఇంట్లో అయితే చెప్పక్కర్లేదు. మొదట్లో ఒకసారి మా అమ్మ నా గార్డుని గ్లాసులతో పాటు మరిగే నీళ్ళలో పడేసి కడిగింది. అది ముడుచుకుపోయి, నేను కొత్తది చేసుకోవాల్సి వచ్చింది. వదిన వచ్చాక అమ్మకి ఎక్కడలేని జ్ఞానం వచ్చింది. వదినది చన్నీళ్ళతో, మెత్తని బ్రష్షుతో, విడిగా కడుగుతుంది. ఇదేమిటమ్మా అంటే, నీది పాడైతేనే కదా నాకు తెలిసింది అంటుంది. నిజమే. నేను పాడైతేనే మా ఇంట్లో అందరికీ అన్నీ తెలుస్తాయి.

తడిగా ఉన్నప్పుడు పెట్టె మూయకండి, వాసన పడుతుంది, గాలికి ఆరనివ్వండి అని ఇంట్లో చెప్పింది కూడా నేనే. అందుకే ఆ పొద్దున మూతలు తీసి ఉన్నాయి. బొగ్గు బల్ల కింద పడుకుని, రెండు ముందుకాళ్ళ మధ్య వదిన గార్డుని పెట్టుకుని, ఎంతో భక్తిగా నములుతోంది. అమ్మ వచ్చి లాక్కునేసరికి ముందుభాగం గుర్తుపట్టేలా లేదు.

అన్నయ్య నన్ను చూశాడు, అమ్మ నన్ను చూసింది. ఆ చూపులకి అర్థం నాకు తెలుసు. మా లీగులో ఆట మొదలయ్యే ముందు అంపైరు వరసగా అందరి నోళ్ళూ చూస్తుంది, గార్డు లేనివాళ్ళని మైదానంలో అడుగు పెట్టనివ్వదు. ఒకరిది ఒకరికి పట్టదు. ఆటసామాన్ల దుకాణం ఆదివారం తియ్యరు. వదినకి గార్డు లేకపోతే ఫైనల్లో ఆ గీత మీంచి పరిగెత్తాల్సింది స్టెప్నీయే. అంటే నేనే. బెంచీ మీద కూర్చుని నేను ఎన్నిసార్లు కోరుకున్నానో ఆ చోటు, కుక్క నోట్లోంచి ఊడి నా ముందు పడింది.

అన్నయ్య కోచ్ మేడంకి ఫోన్ చేద్దామన్నాడు. వదిన వద్దంది. నమిలిన గార్డుని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, నా వైపు తిరిగింది.

"పోన్లే," అంది. "ఇవాళ నువ్వే ఆడు. నీకూ ఆడాలని ఉంటుంది కదా."

తను నువ్వే ఆడు అన్నచోట ఆగినా బాగుండేది. ఆ చివరి మాట నా నెత్తిన వేడినీళ్ళు పోసినట్టైంది. ఉంటుంది కదా అట! పిల్లలకి బొమ్మ ఇచ్చినట్టు ఇచ్చేస్తోంది, నా దగ్గర్నుంచి తీసుకున్నదే నాకు.

"అక్కర్లేదు," అన్నాను. "నీ పళ్ళ అచ్చు మా క్లినిక్ ల్యాబులో ఉంది. చేసి తెస్తాను. నువ్వే ఆడు."

అది మంచితనం కాదు, వట్టి మంట. అమ్మకి ఆ తేడా తెలియదు. వదిన కోసం ఆ మాత్రం చెయ్యదా ఏమిటి నా కూతురు అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నమిలిన గార్డుని పెట్టెలో పడేసుకుని, ల్యాబు తాళాలు తీసుకుని నేను బయల్దేరాను. బొగ్గు వాకిలి దాకా కూడా రాలేదు. వదిన కాళ్ళ దగ్గర కూర్చుని క్షమాపణగా తోక ఊపుతోంది.

సగం దారిలోనే కోపం చల్లారింది, తెలివి తిరిగొచ్చింది. ఎందుకన్నాను ఆ మాట? నోరు మూసుకుని ఉంటే ఈ సాయంత్రం జట్టులో ఆడేదాన్ని కదా. ఇంకా వెనక్కి వెళ్ళచ్చు, అచ్చు పగిలిపోయిందని చెప్పచ్చు. అలా తిట్టుకుంటూనే ల్యాబు తలుపు తీశాను.

డాక్టరు గారి క్లినిక్ వెనక గది మా ల్యాబు. ఒక గోడ పొడుగునా అలమరలో ప్లాస్టర్ అచ్చులు, ప్రతిదాని అడుగునా పెన్సిలుతో పేరు. మా జట్టంతా అక్కడే ఉంటారు, పై వరస పళ్ళుగా. వదిన అచ్చు చూడకుండా తీయగలను. కుడివైపు కోరపన్ను కొంచెం బయటికి తిరిగి ఉంటుంది. నా లెక్కన అది వంకరపన్ను. మా అన్నయ్యకి మాత్రం అది నవ్వితే అందమొచ్చే పన్ను. అచ్చుని చేతిలోకి తీసుకున్నాను. కింద సిమెంటు గచ్చు. వేళ్ళు కొంచెం వదులు చేస్తే చాలు. చేయలేదు. అచ్చు పగలగొట్టుకునే పని నా చేత ఎవరూ చేయించలేరు, ఎంత కడుపుమంట ఉన్నా సరే. ఆ అచ్చు పోసింది నేను.

పని తెలిసిన చేతులు మనసు మాట వినవు. ప్లాస్టిక్ రేకుని యంత్రంలో బిగించాను, పైన హీటరు వేశాను. రేకు మెత్తబడి మధ్యలో కిందికి జారింది. అచ్చు మీదికి దించి గాలి లాగాను. పళ్ళ మీద చర్మంలా అతుక్కుపోయింది. ఇంక చల్లారేదాకా ఆగాలి. ఆ ఆగడమే ఈ పనిలో అసలు సంగతి. గోరువెచ్చగా ఉండగానే అచ్చు నుంచి ఊడదీస్తే కంటికి తేడా తెలియదు గానీ లోపల ఆకారం సడలుతుంది. నోట్లో పెట్టుకున్న కాసేపటికి వదులై జారుతుంది, గొంతుకి అడ్డం పడి వాంతి వచ్చేలా ఉంటుంది. అప్పుడు వదిన దాన్ని ఉమ్మేసి బయటికి వస్తుంది. అప్పుడు నేను లోపలికి వెళ్తాను. చూశారా ఎంత చక్కగా ఉందో. ఎవరూ ఏమీ అనరు. తొందరలో చేసింది పాపం అంటారు.

నా చెయ్యి ఆ రేకు అంచు మీద ఉంది. ఇంకా వెచ్చగానే ఉంది. చెయ్యి అక్కడ్నుంచి తియ్యడానికి ఏదో ఒకటి కావాలి కాబట్టి పెట్టె తీసి నమిలిన గార్డుని పట్టుకున్నాను. అంచులు ఎక్కడ కత్తిరించానో కొలత చూసుకోవచ్చు కదా అని.

ముందంతా బొగ్గు పళ్ళ గాట్లు, చిన్న చిన్న బొక్కలు. కుక్క పన్ను గుచ్చుతుంది, అది నాకు కొత్త కాదు. వెనక దవడపళ్ళ దగ్గరికి వచ్చేసరికి బొక్కలు లేవు. అక్కడ పల్లాలున్నాయి. రెండువైపులా దవడపన్ను ఆకారంలోనే ప్లాస్టిక్ అణిగి అణిగి, దీపానికి అడ్డం పెడితే వెలుగు కనపడేంత పలచనైపోయింది. అది కుక్క చేసిన పని కాదు. మనిషి పళ్ళు బిగించి, మళ్ళీ మళ్ళీ బిగించి, సీజన్ అంతా బిగించి చేసిన పని. భయపడే మనిషి అలా కొరుకుతుంది. మా క్లినిక్‌లో బాక్సర్ల గార్డులు చూశాను, మొదటిసారి బరిలోకి దిగే కుర్రాళ్ళవి అలాగే ఉంటాయి. నా గార్డు అలా ఉండదు. బెంచీ మీద కూర్చునేవాళ్ళ గార్డుకి అరుగుదల ఏముంటుంది, విప్పని కొత్త చీర మడతలా ఉంటుంది.

మొదట నాకు నవ్వొచ్చింది. గోడ! గోడకి కాళ్ళు వణుకుతున్నాయన్నమాట. ఈ ముక్క జట్టులో ఒక్కరి చెవిన వేస్తే చాలు. ఆ నవ్వుతోనే దీపం కింద గార్డుని అటూ ఇటూ తిప్పాను. తిప్పుతూ ఉంటే నవ్వు నెమ్మదిగా పోయింది. తనకి భయం లేదనుకున్నాను, అందుకే పరిగెడుతుందనుకున్నాను. భయం ఉంది, నాకున్నంతా ఉంది, ఇంకా ఎక్కువే ఉందేమో. అయినా ముఖం తిప్పలేదు, ఒక్కసారి కూడా. మరి నా తెలివి ఏమైనట్టు? ఇన్నాళ్ళూ నన్ను నేను ఓదార్చుకున్న ఆ ఒక్క మాటనీ మా వదిన పళ్ళతో కొరికి పారేసింది. ఇంటికొచ్చి అన్నీ తీసుకుంది, చివరికి అది కూడా వదల్లేదు. అంతకు ముందెప్పుడూ తన మీద నాకు అంత అసూయ కలగలేదు. కుర్చీలో కూర్చుని కాసేపు ఏడ్చాను.

ముఖం కడుక్కుని వచ్చేసరికి అచ్చు చల్లగా, రాయిలా ఉంది. రెండో పొర వేశాను. వేసే ముందు వెనక దవడపళ్ళ దగ్గర రెండువైపులా చిన్న ముక్కలు అదనంగా అతికించాను. ఎంత బిగించినా తట్టుకునేలా. ఎందుకు చేశావంటే చెప్పలేను. పలచనైన చోట దళసరి వెయ్యకుండా వదిలేస్తే నాకు నిద్ర పట్టదు, అంతే. మళ్ళీ పూర్తిగా చల్లారనిచ్చి ఊడదీసి, కత్తిరించి, అంచులు నున్నగా అరగదీశాను.

మైదానం పక్కన వదిన బూట్లు కట్టుకుని కూర్చుంది. నేను వస్తానో రానో అన్న అనుమానం ముఖంలో ఏ మూలా లేదు, దానికి కూడా నాకు కోపం వచ్చింది. గార్డు ఇచ్చాను. పెట్టుకుని, కొరికి, దవడ అటూ ఇటూ ఆడించి చూసుకుంది. తరవాత తీసి వెనక భాగాన్ని వేలితో తడిమింది.

"ఇక్కడ దళసరిగా ఉందేం?"

"ఊరికే."

తను నన్ను చూసింది. నేను బూటు తాడు చూసుకున్నాను.

ఫైనల్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు, నేను చాలాసేపు బెంచీ మీదే ఉన్నాను. మా వాళ్ళు మొదటి సగంలోనే ఒక గోలు వేశారు, ఆ తరవాత దాన్ని కాపాడుకోవడమే పని. ఆట ముగిసే ముందు వాళ్ళకి పెనాల్టీ కార్నర్ వచ్చింది. వదిన గీత మీంచి బయల్దేరింది. బంతి తన కర్రకి తగిలి పైకి లేచి నేరుగా మూతికి తగిలింది. ఆ చప్పుడు బెంచీ దాకా వినపడింది. నేను ఎప్పుడు లేచానో, ఎప్పుడు అంపైరుని దాటి వెళ్ళానో తెలియదు. తన నోట్లో వేలుపెట్టి గార్డు తీసి, ఒక్కొక్క పన్నూ పట్టుకుని కదిపి చూస్తున్నాను. పెదవి చీలింది, రక్తం నా మణికట్టు దాకా కారుతోంది. గార్డు ముందుభాగం సొట్టపోయింది.

"పళ్ళున్నాయా?" అంది వదిన నా వేలు అడ్డంగా ఉండగానే.

"అన్నీ ఉన్నాయి. వంకరది కూడా ఉంది."

రక్తం కారుతున్న మనిషిని ఆడనివ్వరు. వదినని అన్నయ్య బయటికి నడిపించుకుపోయాడు. అంపైరు వాళ్ళకి మళ్ళీ కార్నర్ ఇచ్చింది. కోచ్ మేడం నా పేరు పిలవలేదు, స్టెప్నీ అని కూడా పిలవలేదు. వేలితో గీత చూపించారు.

కోరుకున్నది దొరికితే సంతోషంగా ఉంటుందంటారు. అబద్ధం. గీత మీద నిలబడ్డాను. ఎదురుగా కర్ర పట్టుకున్న అమ్మాయి నా కంటికి మామూలు కన్నా పొడుగ్గా కనపడింది. బంతి కదిలింది. నేను బయల్దేరాను. కర్ర లేచింది, మెడ తనంతట తనే పక్కకి తిరగబోయింది. పళ్ళు బిగించాను. దవడలు నొప్పి పుట్టేలా బిగిస్తే మెడ తిరగదని నాకు అప్పుడు తెలిసింది. అది వదినకి ఎప్పట్నుంచో తెలుసు. బంతి నా మోకాలి కింద కట్టుకున్న ప్యాడుకి ఠప్పున తగిలి పక్క గీత దాటిపోయింది. కాసేపటికి విజిల్ ఊదారు.

అందరూ మీద పడ్డారు. కోచ్ మేడం నా భుజం తట్టి, అచ్చం గోడలా పరిగెత్తావు అన్నారు. చూడండి నా రాత. నా జీవితంలో నాకు దక్కిన ఒక్క మెప్పు, అది కూడా వదిన పేరు మీదే. బెంచీ మీద మూతికి ఐసు పెట్టుకున్న వదిన అది విని తల అడ్డంగా ఊపింది.

"నాలా కాదు మేడం," అంది ముద్దగా. "నేను కళ్ళు మూసుకుని పరిగెడతాను. తను తెరిచే ఉంచింది."

జట్టంతా జోకనుకుని నవ్వారు. నేను నవ్వలేదు. తనకే దక్కాల్సిన పేరుని మళ్ళీ తనే తీసి నాకిస్తోంది, ఈసారి నేను పుచ్చుకున్నాను. ఇంటికొచ్చాక కుళాయి కింద నా గార్డు కడుక్కుంటుంటే వెనకవైపు వేలికి రెండు పల్లాలు తగిలాయి. చిన్నవే. వదినవాటి ముందు అవి ఏ మూలకి? అయినా రెండుసార్లు తడుముకున్నాను. తరవాత ఇద్దరివీ ఎప్పటిలాగే మూతలు తీసి బల్ల మీద పెట్టాను. ఇంత జరిగాక కూడా అక్కడే పెట్టావా అంటారేమో, చేతికి అలవాటైపోయింది మరి.

మర్నాడు పొద్దున అమ్మ కేకతో లేచాను. బల్ల కింద బొగ్గు పడుకుని, రెండు ముందుకాళ్ళ మధ్య గార్డు పెట్టుకుని, కళ్ళు అరమూసి నములుతోంది. అమ్మ లాక్కుని చూసి, ఊపిరి పీల్చుకుని, హమ్మయ్య, ఇది కోడలిది కాదు, అమ్మాయిదే అంది. ఇంకోరోజైతే ఆ హమ్మయ్యకి వారం రోజులు మాట్లాడేదాన్ని కాదు. అప్పుడు మాత్రం నేల మీద చతికిలబడి బొగ్గు తల నిమిరాను. ఎంత బాగా నమిలిందో, ఒక్క మూల కూడా వదల్లేదు.

వదిన వాచిన పెదవితో వచ్చి గుమ్మంలో నిలబడింది. బొగ్గుని చూసింది, అమ్మ చేతిలో నా గార్డుని చూసింది, బల్ల మీద మూత తీసి ఉన్న తన పెట్టెని చూసింది. లోపల గార్డు నేను పెట్టింది పెట్టినట్టే ఉంది.

"నాది పక్కనే ఉందిగా," అంది. "వాసన కూడా చూడలేదా అది?"

కొత్తది కదా వదినా, ఇంకా నీ వాసన పట్టలేదేమో అన్నాను. సరేలే అన్నట్టు తల ఊపింది గానీ అక్కణ్ణుంచి కదల్లేదు. బొగ్గుని చిటికె వేసి పిలిచింది. అది తోక ఊపి నా ఒళ్ళోనే తల పెట్టుకుంది. వదిన ఇంకోసారి పిలిచింది, ఈసారి కొంచెం గట్టిగా. ఆ గొంతు నాకు బాగా తెలుసు. తను ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి రోజూ వింటున్నాను, నాలోనే.